ఓడ రాకుండా లేచిన వంతెన

చనిపోయిన రోజు పొద్దున మా బావ తీజానీ వరండాలో పాత పేపరు పరుచుకుని చేపలకు పొలుసు గీకాడు. ఐదు చేపలు. ఆఖరి చేప తల పిల్లికి విసిరి, "కమర్, నిమ్మకాయ ఉందా?" అని లోపలికి కేకేశాడు.

"ఒకటుంది, ఎండిపోయింది," అంది మా అక్క.

"నాలాగే అన్నమాట. పర్లేదు, పిండితే నాలుగు చుక్కలు రాకపోవు."

తర్వాత చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. అక్క వంటింట్లోంచి వచ్చేసరికి కుళాయి పారుతూనే ఉంది, ఆయన దాని పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అరవై మూడేళ్ళు.

ఆ నిమ్మకాయ మాట అక్క నాకు ఇప్పటికి పదిసార్లు చెప్పి ఉంటుంది. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెబుతుంది, నేనూ మొదటిసారి విన్నట్టే వింటాను. ఆయన గురించి మా ఇద్దరి దగ్గరా అనుమానం అంటుకోని జ్ఞాపకాలు తక్కువ. ఉన్నవాటిని పొదుపుగా వాడుకుంటున్నాం.

తీజానీ మా బిజెర్త్ ఊరి వంతెన మీద ముప్పై ఏళ్ళు పనిచేశాడు. సముద్రం నుంచి లోపలి సరస్సుకు పోయే కాలవ మా ఊరిని రెండుగా కోస్తుంది. ఇవతల ఊరు, అవతల జర్జూనా. ఓడ వచ్చినప్పుడల్లా రోడ్డు మధ్యలో ఇనుప వంతెన పైకి లేస్తుంది. దాన్ని లేపే మనిషి పక్కన ఎత్తు మీద గాజు క్యాబిన్‌లో కూర్చుంటాడు. మా ఊళ్ళో ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఎవరూ కారణం అడగరు. పెళ్ళికొడుకునైనా, కాన్పు చేయాల్సిన మంత్రసానినైనా అడగరు. వంతెన లేచి ఉంటుంది, అంతే.

వంతెన లేస్తే ఏం చేయాలో మా ఊళ్ళో ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇంజన్ ఆపేస్తాం. తాళంచెవి జేబులో వేసుకుని దిగిపోతాం. పొద్దుతిరుగుడు గింజల పొట్లం కొనుక్కుని, రైలింగు పట్టుకుని నిలబడి, వచ్చే ఓడ ఏ దేశానిదో పందేలు వేసుకుంటాం. ఓడ పోతుంది, వంతెన దిగుతుంది, ఉమ్మిన తొక్కల్ని తొక్కుకుంటూ బళ్ళెక్కుతాం. బయటి ఊరి డ్రైవర్లు హారన్ కొడుతుంటే మాకు నవ్వొస్తుంది.

మా బావ పొడుగు మనిషి. నీలం రంగు పనికోటు, ఎండాకాలం సాయంత్రాలు చెవి మీద మల్లెమొగ్గల కట్ట. సముద్రం మీద పొగ కనిపిస్తే చాలు, ఓడ పేరు చెప్పేవాడు. పాట మాత్రం ఒక్క చరణం శ్రుతిలో పాడలేడు. అలాంటి మనిషికి మిల్హ్ అంటే ప్రాణం.

మిల్హ్ అంటే ఉప్పు. నలుగురు కుర్రాళ్ళ రాక్ బ్యాండు. బషీర్ పాడేవాడు, ఫెర్జానీ గిటారు. మిగతా ఇద్దరూ రేవులో పనిచేసుకుంటూ డ్రమ్సూ, బేస్ గిటారూ వాయించేవాళ్ళు. అప్పటిదాకా మాకు తెలిసిన పాటల్లో ప్రేయసి, వెన్నెల, తోట. వీళ్ళు రొట్టె గురించి పాడారు, బస్సు గురించి పాడారు, రేవులో కూలికి నిలబడి ఉత్త చేతులతో ఇంటికొచ్చిన తండ్రి గురించి పాడారు. అదీ మా వీధి మాటల్లో. రేడియో వాళ్ళు ఒక్కసారి కూడా వేయలేదు. మేం క్యాసెట్లు ఒకరి దగ్గర ఒకరం కాపీ చేసుకునేవాళ్ళం. జుహైర్ కాఫీ కొట్టు మా అడ్డా. ముప్పై మందిమి ఉండేవాళ్ళం. అందరికంటే గట్టి పిచ్చోడు తీజానీ. బషీర్ ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో కూడా చెప్పేవాడు. అయినా ఒక్కనాడూ వాళ్ళ దగ్గరికి వెళ్ళి పేరు చెప్పుకోలేదు. "పాట వింటే చాలదా, చెయ్యి కూడా పట్టుకోవాలా?" అనేవాడు.

1986 జులైలో జర్జూనా వైపు మైదానంలో వాళ్ళ ఆఖరి కచేరీ జరిగింది. ఆఖరిదని ఎవరికీ తెలీదు. బషీర్ రొట్టె పాట రెండుసార్లు పాడాడు, రెండోసారి జనం అతనికంటే గట్టిగా పాడారు. పొద్దు ఇంకా ఉండగానే అయిపోయింది. బ్యాండు వ్యాను ముందు, అభిమానుల బళ్ళు వెనక, అందరం ఊళ్ళోకి బయల్దేరాం. వంతెన దగ్గరికి వచ్చేసరికి అది లేస్తోంది. మామూలే. దిగాం.

చాలాసేపు నిలబడ్డాం. ఓడ రాలేదు. గ్రీసుదనీ ఇటలీదనీ పందేలు వేసినవాళ్ళు చేతులు ఊపుకుంటూ సముద్రం వైపు చూస్తున్నారు. చేపల పడవ కూడా రాలేదు. తర్వాత వంతెన దిగింది. అవతలి నుంచి మూడు పోలీసు బళ్ళు దూసుకొచ్చి వ్యాను ముందు ఆగాయి. బషీర్‌ని చొక్కా పట్టుకుని దించి తీసుకుపోయారు.

ఎనిమిది నెలల తర్వాత వదిలారు. గొంతు పోయింది. అతనెవరితోనూ మాట్లాడలేదు. పలెర్మో వెళ్ళి ఇటలీవాళ్ళ పడవల మీద వలలు లాగాడు, 1999లో అక్కడే పోయాడు. ఫెర్జానీ సూస్ వెళ్ళి హోటళ్ళలో టూరిస్టులకు వాయించుకున్నాడు, చాలా ఏళ్ళు మా ఊరి మొహం చూడలేదు. మిల్హ్ కథ అంతే.

ఆ సాయంత్రం క్యాబిన్‌లో డ్యూటీ తీజానీది.

మాకు ఆధారాలు కావాలంటే కరువా? ఒక్క కచేరీ వదలనివాడు సరిగ్గా ఆ రోజే డ్యూటీకి ఎందుకు పోయాడు? తోటివాడి కొడుక్కి సున్తీ, సెలవు మార్చుకోవడం కుదరలేదన్నాడు. సరే, ఓడ లేకుండా వంతెన ఎందుకు లేపాడు? దాని గురించి తనంతట తాను నోరే విప్పలేదు. రెండు వారాలు తిరక్కుండా అతన్ని క్యాబిన్ నుంచి తీసి పగటి పనిలో వేశారు. "చూశారా, రాత్రి డ్యూటీ తప్పించారు. ఊరికే తప్పిస్తారా?" అన్నాడు జుహైర్. ఆ ఏడాదే మా అక్క ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. అది మా నాన్న కొనిచ్చింది. అయినా నేను ఆ ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ లోపల ఇంకేదో ఉన్నట్టు చూసేవాణ్ణి.

ఎవరూ అతన్ని మొహం మీద అడగలేదు. ఆ రోజుల్లో అలాంటివి అడగడం కూడా ప్రమాదమే. అతను కాఫీ కొట్టుకు వస్తూనే ఉన్నాడు, మేం జరిగి చోటిస్తూనే ఉన్నాం. అతను రాగానే మాట మాత్రం ఫుట్‌బాల్ మీదికి మళ్ళేది. ఇరవై ఎనిమిదేళ్ళు మా బావ ఫుట్‌బాల్ కబుర్లు విన్నాడు. ఆయనకి ఆ ఆట అంటే పడదు.

నేను స్కూల్లో అరబ్బీ పాఠాలు చెప్పేవాణ్ణి. మాటల వెనక మాటలు వెతకడం నాకు వృత్తి. ఆయన ఏ మాట అన్నా దాని వెనక ఇంకొకటి వెతికాను.

2014 జనవరిలో ఇనెస్ అనే అమ్మాయి ట్యునిస్ నుంచి వచ్చింది. ముప్పై ఏళ్ళుండవు. మిల్హ్ ఆఖరి రోజుల మీద డాక్యుమెంటరీ తీస్తోందట. కెమెరా బయటికి తీయకముందే కొట్టులో అందరికీ కాఫీ చెప్పింది. అదే మాకు నచ్చలేదు.

"ఏమ్మా, నువ్వు పుట్టకముందే ఆగిపోయిన బ్యాండు మీద నీకెందుకంత ప్రేమ?" అన్నాడు జుహైర్.

"మా అమ్మ దగ్గర క్యాసెట్ ఉండేదండీ."

"ఏ క్యాసెట్? నీలం అట్టదా, ఎర్ర అట్టదా?"

"అట్ట లేదు. పైన పెన్నుతో రాసుంది."

జుహైర్ మా వైపు చూసి కళ్ళతోనే ఆ పిల్లని పాసు చేశాడు. కానీ రేవులో పనిచేసి రిటైరైన హసూనా వదల్లేదు. "సినిమా ఎవరు తీయిస్తున్నారు?"

"ఒక ఫ్రెంచి టీవీ కొంత ఇస్తోంది, మిగతాది..."

"అదీ సంగతి. బషీర్‌ని తాగుబోతుగా చూపిస్తారు. వాళ్ళకి అదే కావాలి."

"చూపిస్తే తప్పేంట్రా? తాగలేదా వాడు?" అన్నాడు జుహైర్.

"తాగాడు. మనం చూశాం. వాళ్ళెందుకు చూడాలి?"

దీనిమీద గంటసేపు వాదన జరిగింది. సినిమా రావాలని సగం మంది, వద్దని సగం మంది. గంట తిరిగేసరికి ఇటువాళ్ళు అటు మారారు, అటువాళ్ళు ఇటు. మా మనసులోని బషీర్ పాతికేళ్ళవాడు, తెల్లచొక్కా, మైకు తీగ మణికట్టుకు చుట్టుకుని. ఆ పిల్ల దగ్గరున్న బషీర్ ఎవరో మాకు తెలీదు. చూడాలనీ ఉంది, చూస్తే మనవాడు పోతాడేమోననీ ఉంది.

అప్పుడు ఇనెస్ పుస్తకం తెరిచి అడిగింది. "ఆ రోజు వంతెన లేపిన మనిషి ఎవరండీ?"

మా బావ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. పాలచుక్క వేసిన చిన్న కాఫీ ముందు పెట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు.

"ప్రభుత్వం లేపిందమ్మా. అప్పట్లో అన్నీ ప్రభుత్వమే లేపేది," అన్నాడు జుహైర్. నవ్వారు.

"క్యాబిన్‌లో ఒక మనిషి ఉంటాడు కదా?"

"ఉంటాడు," అన్నాడు హసూనా. "ముసలాయన. పోయాడు."

"పేరు?"

"గుర్తులేదు. ఏరా, నీకు గుర్తుందా?"

ఎవరికీ గుర్తు లేదు. తీజానీ కాఫీ చివరి గుక్క తాగి, లేచి, అందరికీ సలాం చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక జుహైర్ ఆ కప్పు తీస్తూ నా చెవిలో అన్నాడు: "ఏమనుకోకు మాస్టారూ. మనవాడు ఎలాంటివాడైనా మనవాడే. బయటిదాని చేతిలో పెట్టేస్తామా?"

నాకప్పుడు కళ్ళు చెమర్చాయి. మేం ఎంత గొప్పవాళ్ళమో అనుకున్నాను. అనుమానించినవాణ్ణి కూడా కాచుకునే మనుషులం కదా అని.

రెండు రోజుల తర్వాత ఇనెస్ నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. బాదం మిఠాయి తెచ్చింది. "మాస్టారూ, మీరు చదువుకున్నవారు. కొట్టులో అందరూ ఏదో దాస్తున్నారు. వంతెన మనిషి ఎవరో మీకు తెలుసా?"

"తెలీదమ్మా," అన్నాను. అక్క పరువు నా కళ్ళముందు ఉంది. తెర మీద తీజానీ మొహం పెద్దగా, కింద పేరు, హాల్లో ఊరంతా. ఆ అమ్మాయి నా మొహంలోకి కాసేపు చూసి, పుస్తకంలో ఏదో కొట్టేసింది.

మార్చి మొదట్లో ఒక ఆదివారం బావ నన్ను గాలానికి రమ్మన్నాడు. మేమిద్దరం రేవు గోడ చివర రాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. ఆయన చేపలు పట్టేవాడు, నేను పేపరు చదివేవాణ్ణి. ఆ రోజు ఆయన గాలానికి ఎర కూడా గుచ్చలేదు.

"బావమరిదీ, ఆ పిల్లకి నేను చెప్పేస్తే ఎలా ఉంటుంది?"

"ఏం చెప్తావ్?"

"వంతెన సంగతి."

నేను పేపరు మడిచాను. ఇన్నేళ్ళకి ఒప్పుకోబోతున్నాడనుకున్నాను. అక్కకి ఎలా చెప్పాలా అని కూడా అప్పుడే ఆలోచించాను.

"ఆ రోజు పై నుంచి చూస్తున్నా," అన్నాడు. "మైదానంలో పాట ఆగిపోయింది. గాలి అటు నుంచే కదా, సగం సగం వినబడింది. ఇటు చూస్తే పోలీసు స్టేషన్ వైపు నుంచి మూడు బళ్ళు వస్తున్నాయి. ఎక్కడికో నాకు తెలీదా? ఇంకో నిమిషమైతే వంతెన మీదికి ఎక్కేవాళ్ళు. గంట కొట్టి లేపేశాను."

"లేపేశావా?"

"వాళ్ళు ఇవతల ఆగిపోవాలని లేపాను. వంతెన లేచి ఉంటే మన కుర్రాళ్ళు చూసి, వెనక్కి తిరిగి మంజిల్ జమీల్ రోడ్డు పట్టుకుని పోతారనుకున్నా. పందొమ్మిది నిమిషాలు ఆపాను. ఓడ లేకుండా పందొమ్మిది నిమిషాలు ఎవడాపుతాడు? ఫోను మోగుతూనే ఉంది. ఆఫీసరు బూతులు. ఆఖరికి దించకపోతే మనుషుల్ని పంపిస్తానన్నాడు. అప్పటికి ఎప్పుడో పోయుంటారులే అనుకున్నా." గాలం కర్ర పక్కన పెట్టాడు. "నా కళ్ళన్నీ పోలీసు బళ్ళ మీదే ఉన్నాయి. అవతల ముందు గడ్డి లారీ ఒకటి నిలబడింది, ఇంత ఎత్తు. దాని వెనకే వ్యాను ఉందని నాకెలా తెలుస్తుంది? ఎవడైనా వెళ్ళిపోవాలి కదా! అందరిలాగే ఇంజన్ ఆపుకుని కూర్చున్నారు."

నేను మడిచిన పేపరు మళ్ళీ విప్పాను.

"క్యాబిన్‌లోంచి తీసేసి గ్రీజు పనిలో పడేశారు. దాన్నే మీరంతా బహుమానం అన్నారు."

"నీతో ఎవరన్నారు?"

"నాకు చెవులు లేవా? ఊరు ఏమన్నా అననీలే. బషీర్ నా గురించి ఏమనుకుంటూ పోయాడో, అదొక్కటి తెలిస్తే నాకు చాలు. జైల్లో ఎనిమిది నెలలు వాడికి ఆలోచించడానికి ఇంకేముంది? వంతెన లేచింది, ఓడ లేదు, పోలీసులు వచ్చారు. వాడి చోట నేనున్నా, లేపినవాణ్ణే తిట్టుకుంటా."

ఇప్పుడు రాస్తుంటే ఇందులో ప్రతి ముక్కా నిజమని వినబడుతోంది. అప్పుడు నాకు వినబడింది వేరు. పందొమ్మిది అన్నాడేంటి, ఇరవై అనొచ్చుగా అనుకున్నాను. గడ్డి లారీ మరీ చక్కగా అమరిందనుకున్నాను. సినిమా వస్తోందని తెలిశాక అల్లుకున్న కథ, ముందు నా మీద ప్రయోగించి చూస్తున్నాడనుకున్నాను.

"సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"పైన నేనొక్కణ్ణే."

"మరి ఎవరు నమ్ముతారు బావా? ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు తెరవలేదంటారు. లేపింది నువ్వేనని నీ నోటితోనే తేలుతుంది. మిగతాది ఎవరూ వినరు. అక్క గురించి ఆలోచించు. ఊరుకో."

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. "నువ్వూ నమ్మలేదు."

"అదేం లేదు, నమ్మాను."

"మాస్టారివి కదా. అబద్ధం కూడా తప్పుల్లేకుండా చెప్తావు." నవ్వాడు. గాలం కర్రకు దారం చుట్టేసి లేచాడు. "పద, చలిగా ఉంది. చేపలు మార్కెట్లో కొనుక్కుపోదాం. మీ అక్కతో పట్టామని చెప్దాం. అదీ నమ్మదు."

తర్వాత పదకొండో రోజు పోయాడు. శవం వెనక కాఫీ కొట్టంతా నడిచింది. జుహైర్ పాడెకి భుజం పట్టాడు. దారిలో ఎవరో నెమ్మదిగా, "ఏదేమైనా మంచివాడే పాపం," అన్నారు. ఆ "ఏదేమైనా" ఎంత బరువో నాకు తెలుసు. దాన్ని నేనూ మోశాను.

సెప్టెంబరులో సాంస్కృతిక భవనంలో సినిమా వేశారు. మొగుడు పోయిన దుఃఖపు గడువు తీరి తెల్లబట్టలు విడిచాక అక్క ఇల్లు దాటి జనంలోకి రావడం అదే మొదలు. వద్దంటే వినలేదు. "ఆయన ఉంటే వచ్చేవాడు. మీ అందరికంటే ముందు వరసలో కూర్చునేవాడు," అంది.

మా కొట్టు గుంపంతా వెనక వరసల్లో చేతులు కట్టుకుని కూర్చుంది, తప్పులు పట్టడానికి. తెర మీద బషీర్ మొహం రాగానే ఎవరో దగ్గారు. ఆఖరి రిహార్సల్లో బషీర్ తాగి ఉండటం చూపించారు, ఫెర్జానీ మీద కుర్చీ విసరబోవడం చూపించారు. హసూనా "చెప్పానా!" అని లేచి నిలబడ్డాడు, వెళ్ళిపోలేదు, నిలబడే చూశాడు. రొట్టె పాట వచ్చినప్పుడు ముసలాళ్ళందరూ గొంతు కలిపారు. జుహైర్ ఏడుస్తూనే ఆ పిల్లని తిట్టాడు.

చివర్లో వంతెన. ఖాళీ నీళ్ళు, లేచిన ఇనుము. దాని మీద ఇనెస్ గొంతు: ఆ సాయంత్రం ఓడ లేకుండా వంతెన ఎందుకు లేచిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, లేపిన మనిషి చనిపోయాడని ఊరివాళ్ళు చెప్పారు. హాల్లో తలలు కొన్ని మా వైపు తిరిగి మళ్ళీ సర్దుకున్నాయి. అక్క తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. నా మోచేతిని మాత్రం గట్టిగా పట్టుకుంది.

బయట వసారాలో ఒక మనిషి ఒంటరిగా సిగరెట్ కాలుస్తున్నాడు. రంగేసిన జుట్టు, వేళ్ళకి ఉంగరాలు. ఫెర్జానీ. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మా ఊరొచ్చాడు, ఎవరూ దగ్గరికి పోలేదు. బషీర్‌తో గొడవపడ్డవాడు కదా, అతని మీదా మాకు అనుమానమే. నేనే ఎందుకో వెళ్ళి సలాం చెప్పాను.

"మీరు ఈ ఊరివారేనా?" అన్నాడు. "వంతెన మీద పనిచేసినాయన పోయారన్నారు. ఎప్పుడు పోయారో తెలుసా?"

"మార్చిలో."

"ఏ ఏడు మార్చి?"

"ఈ ఏడే."

సిగరెట్ పారేశాడు. మెట్ల మీద కూర్చున్నాడు. "ఈ మార్చా? మరి ఆ అమ్మాయి జనవరిలో అడిగితే అప్పటికే పోయాడన్నారే! ఎవరాయన? పేరేంటి?"

"తీజానీ. మా అక్క మొగుడు."

పేరు పెదాల మీద ఒకసారి పలికి చూసుకున్నాడు. తర్వాత ఆ సాయంత్రం జరిగింది చెప్పాడు. కెమెరా ముందు కూడా ఇదంతా చెప్పాడట. పేరు లేని మనిషి గురించి ఒక్కడి మాట మీద ఎలా పెడతాను, ఊళ్ళో ఎవరూ ఏమీ చెప్పడం లేదు అని ఆ పిల్ల తీసేసిందట.

వంతెన లేవగానే బషీర్ వ్యాను దిగాడు. గడ్డి లారీ దాటి రైలింగు దాకా నడిచాడు. అవతలి ఒడ్డున పోలీసు బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. సముద్రం వైపు చూశాడు, ఓడ లేదు. పరిగెత్తుకుంటూ వెనక్కొచ్చి, "ఎవడో మనవాడు వాళ్ళని మన కోసం ఆపాడు. తిప్పు, బండి తిప్పు," అన్నాడు. ఫెర్జానీ తిప్పబోయాడు. ముందు లారీ, వెనక ఒక నీలం ప్యూజో కారు, వ్యానుకు ముక్కు ఆనించి. తాళం వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. దాని వెనక ఇంకొకటి, అదీ ఖాళీయే. హారన్ కొట్టాడు. అందరూ నవ్వారు.

ఆ నీలం ప్యూజో జుహైర్‌ది. నేను దిగింది అందులోంచే.

నేను ఆ మాట ఫెర్జానీకి చెప్పలేదు. అక్కని పిలుచుకొచ్చి ఆయన ముందు నిలబెట్టాను, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. ఆయన చెప్పాడు. అక్క మధ్యలో ఒక్క ప్రశ్న వేసింది: "బషీర్ ఆయన్ని తిట్టుకోలేదా?"

"తిట్టుకోవడమా!" అన్నాడు ఫెర్జానీ. వంతెన దిగడం మొదలైనప్పుడు బషీర్ మళ్ళీ రైలింగు దగ్గరికి వెళ్ళాడట. గాజు క్యాబిన్ వైపు తలెత్తి, అక్కడెవరున్నారో కనబడకపోయినా, చెయ్యి పైకెత్తి కాసేపు అలాగే ఉంచాడట. ఎడమ చెయ్యి. కుడిచేతిలో సిగరెట్ ఉంది.